మన కోపమే వాడి పెట్టుబడి

ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతా తెరవడానికి కనీస వయసు 13 ఏళ్లు. మన బడుల్లో ఆరో తరగతి పిల్లలకు పదకొండు, ఏడో తరగతి వాళ్లకు పన్నెండు ఉంటాయి. ఆ లెక్కన ఈ రెండు తరగతుల్లో ఇన్‌స్టా ఐడీ ఉన్నవాళ్లు దాదాపుగా ఉండకూడదు. ఎందరున్నారో ఏ క్లాస్ టీచరును అడిగినా చెబుతారు. పుట్టిన సంవత్సరం దగ్గర 1998 అనో 2000 అనో కొడితే చాలు, ఖాతా తెరుచుకుంటుంది. చాలా ఇళ్లలో ఆ అంకె కొట్టిపెట్టేది బాబాయో, పెద్దమ్మ కొడుకో, ఒక్కోసారి కన్నతండ్రో. ఇంటర్నెట్ గురించి పిల్లలకు పెద్దలు నేర్పుతున్న మొదటి పాఠం ఇదన్నమాట: వయసు విషయంలో అబద్ధమాడినా ఎవరూ ఏమీ అనరు.

ఆ అబద్ధం ఊరికే పోదు. 18 ఏళ్లలోపు వారి కోసం మెటా సంస్థ 2024 సెప్టెంబరులో ‘టీన్ అకౌంట్లు’ ప్రకటించింది. 2025 ఫిబ్రవరిలో వాటిని మన దేశానికీ తెచ్చింది. ఆ ఖాతాలు తెరిచినప్పటి నుంచే ప్రైవేటుగా ఉంటాయి. ముక్కూముఖం తెలియనివాళ్లు వాటికి నేరుగా మెసేజ్ పెట్టలేరు. పదహారేళ్లలోపు వాళ్లు ఆ కట్టుబాట్లను సడలించుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి. కానీ రికార్డుల్లో పాతికేళ్లవాడిగా ఉన్న పన్నెండేళ్ల పిల్లవాడికి, కంపెనీ తనంతట తాను అనుమానించి సరిచేస్తే తప్ప, వీటిలో ఒక్కటీ వర్తించదు.

ఆపైన జరిగేది పోలీసులకు కొత్త కాదు. తల్లిదండ్రులకే ఇంకా కొత్త. ముందు ఒక రిక్వెస్ట్ వస్తుంది. ఫోటోలో తన ఈడు పిల్లే ఉంటుంది. తన స్కూలువాళ్లే నలుగురు అప్పటికే ఆ ఐడీని ఫాలో అవుతుంటారు కాబట్టి అనుమానం రాదు. కొన్నాళ్లు హోంవర్కు కబుర్లు, హీరోల గొడవలు, ఇంట్లో తిట్టినప్పుడు ఓదార్పులు. తర్వాత ‘ఇక్కడ వద్దు, ఇంకో యాప్‌లోకి రా’ అంటారు. అక్కడ ఒక ఫోటో అడుగుతారు, లేదా వీడియో కాల్ చేసి అవతల గుట్టుగా రికార్డు చేస్తారు. మర్నాడు పిల్లవాడి ఫోనుకు ఒక స్క్రీన్‌షాట్ వస్తుంది. అందులో ఉండేది అతని ఫాలోవర్ల జాబితా. అక్క పేరు, మేనత్త పేరు, ట్యూషన్ సార్ పేరు. కింద ఒకే ఒక్క మాట: ‘పంపించమంటావా?’ దాని వెనకే డబ్బు కోసం క్యూఆర్ కోడ్, అమ్మాయి అయితే ఇంకో ఫోటో పంపమన్న ఒత్తిడి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. అవతలివాడి దగ్గర ఉన్నది ఒక ఫోటో మాత్రమే. ఆ పిల్లవాడు లేచి పక్కగదిలో ఉన్న తల్లి దగ్గరికెళ్లి ‘అమ్మా, ఇలా జరిగింది’ అని చెప్పగలిగితే వాడి బేరం అక్కడికి సగం చచ్చినట్టే. చెప్పలేకపోవడానికి కారణం ఫోటో కాదు, మనమే. ఫోను లాక్కుంటారు. నాన్న బెల్టు తీస్తాడు. ఆడపిల్ల అయితే బడి మాన్పించినా మాన్పిస్తారు, రెండేళ్లు గడవకముందే సంబంధాలు చూసినా చూస్తారు. ఈ సంగతి పిల్లలకు తెలుసు. బెదిరించేవాడికి ఇంకా బాగా తెలుసు. మన ఇళ్లలో చెలరేగే కోపాన్ని లెక్కగట్టుకునే వాడు ధర చెబుతున్నాడు. ఈ ఒక్క సంగతి ఒప్పుకోకుండా బడిలో ఎన్ని భద్రతా పాఠాలు చెప్పినా దండగే.

చెప్పే కాస్త పాఠాన్నీ మనం ఆలస్యంగా చెబుతున్నాం. సీబీఎస్‌ఈ 2020లో ఒక సైబర్ భద్రత కరదీపిక తెచ్చింది. మంచి ప్రయత్నమే, కానీ అది తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వారికి. 2012 అక్టోబరులో కెనడాలో ప్రాణం తీసుకున్న పదిహేనేళ్ల అమండా టాడ్‌కు కష్టం మొదలైంది ఏడో తరగతిలో, వెబ్‌క్యామ్ ముందు ఒక అపరిచితుడి పొగడ్తలు నమ్మిన రోజున. ఎక్కడో నెదర్లాండ్స్‌లో కూర్చున్నవాడు 22 దొంగ పేర్లతో ఆమెను వెంటాడాడని కోర్టులో రుజువైంది. 2022లో అతడికి పదమూడేళ్ల శిక్ష పడింది, ఆమె పోయిన పదేళ్లకు. తొమ్మిదో తరగతిలో పుస్తకం చేతికివ్వడమంటే ఇలాంటి పిల్లలకు రెండేళ్లు ఆలస్యంగా అందించడమే.

మన పల్లెల సంగతి చూద్దాం. 2024 ‘అసర్’ సర్వే గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగింది. వంద మందిలో 82 మందికి పైగా స్మార్ట్‌ఫోన్ వాడగలరు. వారిలో, సర్వేకు ముందు వారంలో చదువుకోసం దాన్ని వాడినవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. సోషల్ మీడియా వాడే ఆ పిల్లల్లోనూ ఒక ఐడీని బ్లాక్ చేయడం, దానిపై ఫిర్యాదు చేయడం తెలిసినవారు 62 శాతం. ప్రొఫైల్‌ను ప్రైవేటు చేసుకోవడం తెలిసినవారు 55 శాతం. అంటే దాదాపు సగం మందికి తలుపు గడియ ఎక్కడుందో తెలియదు. పైగా ఇది ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు దాటొచ్చిన పిల్లల లెక్క. వాళ్ల తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎక్కడున్నారో ఊహించుకోవచ్చు.

అసలు మన ఇళ్లలో ఏడో తరగతి పిల్లవాడు ఫోనుతో ఆడుకునేవాడు మాత్రమే కాదు, ఇంటి క్యాషియర్ కూడా. తాతకు వచ్చిన ఓటీపీ చదివిపెట్టేది వాడు. నాన్న ఫోన్‌పేలో పాలవాడికి డబ్బు పంపేది వాడు. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు, నాయనమ్మ ఈకేవైసీ అన్నీ వాడి చేతి మీదుగానే. యూపీఐ పిన్ ఇంటిల్లిపాదికీ తెలుసు, వాడికి ఇంకా బాగా తెలుసు. అమ్మానాన్నలు గల్ఫ్‌కో, ముంబైకో, బెంగళూరుకో వలసపోయి పిల్లలు ముసలివాళ్ల దగ్గర పెరిగే ఊళ్లలోనైతే ఆ ఇంటి డిజిటల్ వ్యవహారమంతా పన్నెండేళ్లవాడి బుర్ర మీద నడుస్తోంది. ఆటలో డైమండ్ల కోసం డబ్బు పోయిందని, ఏదో లింకు నొక్కితే ఖాతా ఖాళీ అయిందని ఆనక వాణ్ని కొట్టడానికి అందరూ వస్తారు. ఏ లింకు నొక్కకూడదో వాడికి ఎవరూ చెప్పలేదు, చెప్పగలిగినవాళ్లు ఆ ఇంట్లో లేరు.

పాఠానికి ముందు పెద్దలు చేస్తున్నదేమిటో కూడా చూడాలి. తెలుగు నేల మీద పిల్లల మార్కులు ఏనాడూ వాళ్లవి కావు. ఫలితాలొచ్చిన మర్నాడు ఏ కూడలిలో చూసినా ఫ్లెక్సీ: పిల్లల ఫోటోలు, పూర్తి పేర్లు, తండ్రి పేరు, హాల్‌టికెట్ నంబరు, బ్రాంచి పేరుతో సహా. పది, ఇంటర్‌తో మొదలైన ఈ జబ్బు ఇప్పుడు ఆరో తరగతి టాలెంట్ టెస్టు దాకా దిగింది. పిల్లవాడి హాల్‌టికెట్ నంబరు ఉంటే వాడి పదో తరగతి మార్కుల్ని ఊళ్లో ఎవరైనా చూసుకునే ఏర్పాటు ఏళ్ల తరబడి ఉంది. అందులో తప్పేముందని అడిగినవాళ్లే లేరు. తక్కువ మార్కులొచ్చినవాడిని అడిగితే చెబుతాడు.

ఇక స్కూలు వాట్సాప్ గ్రూపు. అరవై మంది తల్లిదండ్రుల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపిస్తుంటాయి. అందులో యూనిట్ టెస్టు మార్కుల జాబితా పెడతారు. ఫీజు బకాయిల జాబితా పెట్టే బడులూ ఉన్నాయి. స్కూలు ఫేస్‌బుక్ పేజీలో యూనిఫాం, ఐడీ కార్డుతో సహా పిల్లల ఫోటోలు, కింద పేరు, తరగతి. బస్సు ముందు నిలబెట్టి తీసిన ఫోటో అయితే రూటు నంబరు కూడా. ఆ పిల్ల ఏ వేళకు ఏ స్టాపులో దిగుతుందో తెలుసుకోవాలనుకునేవాడికి మనమే సగం పని చేసిపెట్టాం. సైబర్ భద్రతపై అవగాహన సదస్సు జరిపి, ఆ పిల్లల ముఖాలన్నీ కనబడేలా ఫోటో తీసి, సాయంత్రానికి అదే పేజీలో పెట్టే బడులను చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇళ్లూ తక్కువ తినలేదు. 2024 జూలైలో ఒక తండ్రి, చిన్నారి కూతురు ఉన్న సరదా వీడియోను పట్టుకుని ఒక తెలుగు యూట్యూబర్ తన స్నేహితులతో కలిసి నోటికొచ్చిన బూతులు మాట్లాడాడు. నటుడు సాయి ధరమ్ తేజ్ బహిరంగంగా నిలదీశాకే అది పెద్దల దృష్టికి వెళ్లింది. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టింది, ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేశారు. నేరం నూటికి నూరుపాళ్లు ఆ మాటలన్నవాళ్లదే. అయినా ఆ ఘటన తర్వాత సాయి ధరమ్ తేజ్ తల్లిదండ్రులకు చేసిన విజ్ఞప్తి ఒకటుంది: పిల్లల ఫోటోలు, వీడియోలు పెట్టేముందు ఆలోచించండి అని. దాన్ని మనం వారం రోజుల్లో మరిచిపోయాం. పాప స్నానాల ఫోటోలు, ఓణీల ఫంక్షన్ రీల్స్, ఏడుస్తుంటే తీసిన ‘ఫన్నీ’ వీడియోలు యథాతథంగా వస్తూనే ఉన్నాయి. నీ ఫోటో ఎవరికీ పంపకు అని చెప్పే అమ్మే తన స్టేటస్‌లో రోజుకు నాలుగు పెడుతుంటే ఆ మాటకు విలువేముంది?

ప్రభుత్వాల చేతులూ శుభ్రంగా లేవు. కరోనా కాలంలో దేశమంతా పిల్లల చేత వాడించిన కేంద్ర ప్రభుత్వ ‘దీక్ష’ యాప్ పిల్లల లొకేషన్ వివరాలు సేకరిస్తోందని హ్యూమన్ రైట్స్ వాచ్ 2022 నివేదికలో చెప్పింది. అప్పట్లో ఆ సంస్థ 49 దేశాల్లో పరిశీలించిన 164 విద్యా యాప్‌లు, సైట్లలో 89 శాతం పిల్లల హక్కులకు భంగం కలిగించేలా, లేదా ఆ ప్రమాదం ఉండేలా సమాచారం వాడుకున్నాయట. మరుసటి ఏడాది అదే ‘దీక్ష’కు చెందిన లక్షలాది విద్యార్థుల, టీచర్ల వివరాలు తాళం లేని సర్వర్లో ఉండిపోయిన సంగతి బయటపడింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు లక్షల సంఖ్యలో ట్యాబ్‌లు పంచింది. అందులో పాఠాలు ఎక్కించి ఇచ్చారు. ట్యాబ్‌ను క్షేమంగా వాడుకోవడమెలాగో చెప్పే పీరియడ్ మాత్రం టైమ్‌టేబుల్లోకి ఎక్కలేదు.

చట్టం లేక కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. ఆ హక్కు పెద్దలకే అని ఎక్కడా రాయలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. తల్లిదండ్రుల అనుమతి లేనిదే వారి వివరాలు తీసుకోకూడదంటుంది. వారిని వెంటాడే ప్రకటనలు వద్దంటుంది. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమలయ్యేందుకు ఏడాదిన్నర గడువిచ్చారు. బడులకు మాత్రం విద్యాపరమైన పనుల పేరిట కొన్ని మినహాయింపులున్నాయి. కనుక స్కూలు పేజీలో మీ పాప ఫోటో సంగతి ఢిల్లీ చూసుకుంటుందని ఎదురుచూడకండి. పేరెంట్స్ మీటింగులో లేచి అడగాల్సింది మీరే.

నిషేధమే మందు అనేవాళ్లున్నారు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారిని సోషల్ మీడియాకు దూరం పెట్టింది. ఫలితం చూద్దాం, తొందరేం లేదు. కానీ ఒక తాతగారి ఫోను మీద ముగ్గురు మనవళ్లు బతికే మన ఇళ్లలో ఎవరి వయసని తేలుస్తారు? నిషేధం పెట్టినా పాఠం తప్పదు.

ఆ పాఠం ఎలా ఉండాలి? ఇప్పుడు జరుగుతున్నదైతే ఇదీ: ఏడాదికోసారి ఒక పోలీసు అధికారి వస్తారు, మైకు పట్టుకుని మూడు భయంకరమైన కేసులు చెబుతారు, అపరిచితులతో మాట్లాడొద్దంటారు, పిల్లలు చప్పట్లు కొడతారు. వచ్చిన అధికారి తప్పేం లేదు, ఆయనకిచ్చింది నలభై నిమిషాలు. తెలంగాణ పోలీసుల మహిళా భద్రత విభాగం సర్కారు బడుల పిల్లల్లోంచే ‘సైబర్ అంబాసిడర్ల’ను తయారుచేసే పనికి దిగడం అంతకన్నా మేలైన దారి. పిల్లలు తోటి పిల్లలకు చెప్పుకునేవి పెద్దల చెవిన పడవు కదా. అలాంటి పని ప్రతి బడిలో, ప్రతి వారం జరగాలి.

దానికి కంప్యూటర్ ల్యాబ్ కూడా అక్కర్లేదు. ఏడో తరగతి గదిలో బ్లాక్‌బోర్డు మీద టీచర్ ఒక ఊహా ఫోటో గీయవచ్చు: ఒక అమ్మాయి, యూనిఫాం మీద బ్యాడ్జి, వెనక ఆంజనేయస్వామి గుడి, పక్కన ఆటో, కింద ‘డాన్స్ క్లాస్ అయిపోయింది, ఆకలేస్తోంది’ అన్న క్యాప్షన్, టైము 6:10. ‘ఈ పిల్లను మీరెప్పుడూ చూడలేదు. రేపు సాయంత్రం ఈమె ఎక్కడుంటుందో చెప్పండి’ అనాలి. బడి పేరు, గుడి పేరు, క్లాసు వదిలే వేళ, ఇంటికెళ్లే తీరు, పావుగంటలో పిల్లలే ఒక్కొక్కటీ లాగుతారు. ఇంకో రోజు టార్చిలైట్ యాప్‌కు మన కాంటాక్టులు ఎందుకని అడగాలి. ఆ రాత్రి అమ్మతో కూర్చుని ఏ యాప్ మైకు వాడుతోందో, ఏది లొకేషన్ వాడుతోందో సెట్టింగ్స్‌లో వెతికి రాసుకురావడం హోంవర్కు. అమ్మకూ పాఠం అయిపోతుంది. ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రంలో ప్రాథమిక హక్కులు చెప్పే సారు గోప్యత హక్కు దగ్గర ఆగి, ‘మీ మార్కులు క్లాసులో గట్టిగా చదవాలా, వద్దా?’ అని పిల్లల్నే అడగొచ్చు. సారుకు కాస్త ఇబ్బందే, అయినా అడగాలి.

అబ్బాయిలకు ఇంకో మాట విడిగా చెప్పాలి. 2023లో స్పెయిన్‌లోని అల్మెండ్రలేహో అనే ఊళ్లో బడి పిల్లలే కృత్రిమ మేధ యాప్‌తో తోటి అమ్మాయిల నగ్న ఫోటోలు తయారుచేసి గ్రూపుల్లో తిప్పారు. బాధితుల్లో పదకొండేళ్ల పిల్లలున్నారు. మరుసటి ఏడాది పదిహేను మంది మైనర్లకు అక్కడి కోర్టు ఏడాది పాటు నిఘాలో ఉండే శిక్ష వేసింది. ఆ యాప్‌లు మన ఊళ్లోనూ దొరుకుతాయి. మన చట్టం ఇంకా కఠినం. పిల్లల అశ్లీల చిత్రం చేసినా, పంచినా ఐటీ చట్టం 67బి వర్తిస్తుంది. చూసి దాచుకోవడమూ నేరం కావచ్చని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది. ‘జోక్’ అని ఫార్వర్డ్ చేసిన పదమూడేళ్లవాడు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నిలబడాల్సి వస్తుంది. ఆ సంగతి వాడికి అక్కడికెళ్లాక తెలియకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, జరిగాక ఏం చేయాలన్నది. డబ్బు పంపొద్దు, ఒకసారి పంపితే అడగడం ఆగదు. చాట్ చెరిపేయొద్దు, అదే సాక్ష్యం. స్క్రీన్‌షాట్ తీసుకుని, ఆ ఐడీపై ఫిర్యాదు కొట్టి, బ్లాక్ చేయాలి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, ఎంత త్వరగా చేస్తే అంత మేలు. ఫోటోల విషయమైతే జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పేరు చెప్పకుండానే ఫిర్యాదు ఇచ్చే వీలుంది. అమెరికాలోని ఒక బాలల రక్షణ సంస్థ నడిపే ‘టేక్ ఇట్ డౌన్’ సేవలో ఫోటోను ఎవరికీ పంపనక్కర్లేదు. ఫోనులోనే దాని వేలిముద్ర వంటి సంకేతం తయారై ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటివాటికి వెళుతుంది, ఆ ఫోటో అక్కడ కనబడితే తీసేస్తారు. ఈ సౌకర్యం ఉందని తెలిస్తేనే చాలామంది పిల్లలకు ఆ రాత్రి నిద్రపడుతుంది.

స్కూలు యాజమాన్యాలకు ఒక హెచ్చరిక. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. ‘స్కూలు పరువు పోతుంది, ఇంట్లోనే సర్దుకోండి’ అని తల్లిదండ్రులకు నచ్చజెప్పే ప్రిన్సిపాల్ ఆ నేరం చేస్తున్నట్టే. బాధితురాలికే టీసీ చేతిలో పెట్టి పంపే బడి అయితే అంతకన్నా పెద్ద తప్పు చేస్తోంది.

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఆరో తరగతి నుంచే దీన్ని సిలబస్‌లో పెట్టాలి, టీచర్లకు శిక్షణ ఇవ్వాలి, ర్యాంకుల ఫ్లెక్సీలపై పిల్లల ఫోటోలను, హాల్‌టికెట్ నంబర్లను ఒక్క జీవోతో ఆపేయాలి. ఇందులో కోట్లు ఖర్చయ్యే పని ఒక్కటీ లేదు. ఆ శాఖలు కదిలేలోగా జూన్‌లో బడులు తెరుచుకుంటాయి. మధ్యాహ్న భోజనం మెనూ రాసే గోడ మీదే 1930, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్లు రాయించండి. దాని ముందు ఆరో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి, వాళ్ల అమ్మానాన్నలతో కలిసి, హెడ్మాస్టరు ఒక మాట ఇవ్వాలి: తప్పు నీదైనా సరే ముందు మాకు చెప్పు, కొట్టం, బడి మాన్పించం. ఆ మాట ఇవ్వడానికి ఒప్పుకోని తల్లిదండ్రులుంటే, పాఠం మొదలుపెట్టాల్సింది వాళ్లతోనే.